రెండు రాష్ట్రాల మందుల సంచికి ఒక యాప్: ఎలా రూపొందించాలి

ఒడిశాలోని పర్లాకిమిడి వాళ్ళకు ఆంధ్రలోని పాతపట్నం పక్క ఊరు. రాయగడ వాళ్ళు పార్వతీపురానికో విజయనగరానికో రైలెక్కుతారు, జబ్బు ముదిరితే విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి వెళతారు. అటు ఇచ్ఛాపురం నుంచి బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. కోరాపుట్, జయపురం వైపు తెలుగు కుటుంబాలకు ఘాట్ రోడ్డు దిగి సాలూరు మీదుగా విశాఖ చేరడం తాతల నాటి అలవాటు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు సరిహద్దు గీశారు గానీ, రోగులు ఆ గీతను ఏనాడూ లెక్కచేయలేదు. ఇక్కడి వాళ్ళ కోసం ఆరోగ్య యాప్ చేయాలనుకునే వారు ఒక రోగి, ఒక ఆసుపత్రి, ఒక భాష అనే లెక్కను ముందే చెరిపేసుకోవాలి.

గుణుపురంలోనో బరంపురంలోనో పుట్టి, చదువుకుని, ఇప్పుడు సొంత ఊరికి పనికొచ్చేది ఏదైనా చేద్దామనుకుంటున్న చిన్న బృందాల కోసం ఇది రాస్తున్నాను. మీకు కోడింగ్ వచ్చు, లేదా వచ్చిన స్నేహితుడు ఉన్నాడు. కోడ్ ఎలా రాయాలో ఇక్కడ చెప్పను. ఏది రాయాలో, ఎవరి కోసం రాయాలో తేల్చుకునే దారి చెబుతాను.

ముందు సంచి విప్పి చూడండి

లాప్‌టాప్ తెరవకండి. పాతిక ముప్ఫై ఇళ్ళకు వెళ్ళండి. దీర్ఘకాలపు జబ్బు ఉన్న ప్రతి ఇంట్లో మేకుకు వేలాడుతూనో, బీరువా మీదనో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. చాలాసార్లు అది ఏదో బట్టల దుకాణం ఇచ్చినది. దాన్ని వాళ్ళ చేతనే విప్పించి, ఒక్కో కాగితం ఏమిటో చెప్పమనండి. విశాఖ నుంచి వచ్చిన డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఊరి ఆరోగ్య కేంద్రం చీటీ మీద ముద్ర ఒడియాలో ఉంటుంది. రక్త పరీక్ష రిపోర్టులు, మడతలు పడ్డ ఎక్స్‌రే, ఆధార్ జిరాక్సు, సగం వాడిన మాత్రల అట్టలు అన్నీ కలిసి ఉంటాయి.

ఆ అట్టలను దగ్గరగా చూడండి. మందుల షాపు ఆయన బాల్‌పెన్నుతో అట్ట వెనుక వెండి రేకు మీద గీతలు పెట్టి ఉంటాడు, పొద్దుటికి ఒకటి, రాత్రికి ఒకటి అని. కింద కోడలు 'ఉ', 'రా' అని రాసుకుని ఉంటుంది. కాలేజీ మనవడైతే అదే పని ఒడియా అక్షరాలతో చేసి ఉంటాడు. మాత్రల కవరు మీద 'బీపీ' అని పెద్దగా రాసి, దాని చుట్టూ రెండు సార్లు సున్నా చుట్టినదీ కనబడుతుంది. మీకంటే ముందే ఆ ఇంట్లో ఎవరో ఒక తెరను రూపొందించి, వాడి, దిద్దుకున్నారు. మీ పని అక్కడి నుంచి మొదలవ్వాలి.

అడగవలసిన ప్రశ్నలు కొన్నే. డాక్టరు దగ్గర కూర్చోగానే మొదట ఏ కాగితం తీస్తారు? ఏ కాగితం దొరక్క ఇబ్బంది పడ్డారు? మాత్ర మారినప్పుడు ఎవరు గుర్తుపట్టారు? 'మీకు యాప్ కావాలా' అని మాత్రం అడగవద్దు. ఇంటికి వచ్చిన మనిషిని నొప్పించడం ఇష్టం లేక అందరూ కావాలనే అంటారు. కాగితాల ఫొటో తీయాలంటే అనుమతి అడిగి, పేరు కనబడకుండా వేలు అడ్డుపెట్టించి తీయండి.

ఇళ్ళతో పాటు మందుల షాపు బల్ల మీద ఒక పూట కూర్చోండి. అంగన్‌వాడీలో మమతా దివస్ (గర్భిణులను, పిల్లలను చూసే రోజు) జరిగేటప్పుడు ఏఎన్ఎం, ఆశా దీదీలు ఎన్ని పుస్తకాలు నింపుతారో చూడండి. రాయగడ జిల్లాలో బుధవారం చాటికోన సంతకు వెళితే, కొండల మీది నుంచి దిగిన వాళ్ళు కొనుగోళ్ళతో పాటు మందుల పనీ అదే రోజు చూసుకోవడం కనబడుతుంది. తారీఖు గుర్తులేని మనిషికి సంత రోజు గుర్తుంటుంది. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాల్సిన రోజు గుర్తుచేసేటప్పుడు ఇది పనికొస్తుంది.

ఎవరి కోసం అన్నది తేల్చుకోండి

నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మీ మొదటి వాడుకరి రోగి కాకపోవచ్చు, ఆ సంచి మోసే మనిషి కావచ్చు. అరవై ఏళ్ళ సూర్యకాంతమ్మ గారికి షుగరు ఉంటే, ఆమె మాత్రల సంగతి చూసేది కోడలో, ఇంటర్ చదివే మనవరాలో. గంజాం జిల్లా ఇళ్ళలోనైతే కొడుకు సూరత్‌లో ఉండి, రాత్రి ఫోన్ చేసి 'అమ్మా, మాత్ర వేసుకున్నావా' అని అడుగుతాడు. కాబట్టి ఒకే మనిషి వివరాలు రెండు ఫోన్లలో కనబడే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఆలోచించాలి. చూడగలిగేవారు ఎవరు, మార్చగలిగేవారు ఎవరు అన్నది మాత్రం రోగి మాటే చెల్లాలి.

ఇంట్లో ఒకే ఫోను ఉన్నచోట చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. కూతురి నెలసరి సమస్య తండ్రి ఫోనులో, కోడలి గర్భం సంగతి మరిది ఫోనులో ఉంటుంది. లాక్ తెర మీద 'మీ టీబీ మాత్ర వేళ అయింది' అని మెరిస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో ఊహించండి. సందేశంలో జబ్బు పేరు, మందు పేరు రాకూడదు. 'మీకు ఒక రిమైండర్ ఉంది' అంటే చాలు. మిగతాది లోపల, నాలుగంకెల పిన్ వెనుక ఉండాలి.

ఒక్క పని ఎంచుకోండి

టెలిమెడిసిన్‌కు, అంటే దూరం నుంచే ఫోనులో డాక్టరుకు చూపించుకోవడానికి, ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది. ఆరోగ్య రికార్డులకు 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, దాని 14 అంకెల ఆరోగ్య గుర్తింపు సంఖ్య 'ఆభా' ఉన్నాయి. వాటిని తిరగరాయడానికి మీ శ్రమ ఖర్చు చేయకండి. సరిహద్దు మనిషికి మాత్రమే ఉన్న బాధ ఏమిటో వెతకండి.

నాకు కనబడేది ఇది. విశాఖ డాక్టరు బీపీకి ఆమ్లోడిపిన్ ఒక కంపెనీ పేరుతో రాస్తాడు. నెల తిరిగేసరికి ఆ పేరు మందు ఊళ్ళో దొరకదు. స్థానిక డాక్టరు దగ్గరికి వెళితే, పాత చీటీ చూడకుండానో చదవలేకో, అదే ఆమ్లోడిపిన్ మరో కంపెనీ పేరుతో రాస్తాడు. పాత అట్టలో ఇంకా మాత్రలు మిగిలే ఉన్నాయి. ఇద్దరు డాక్టర్ల మాటా వినే మంచి రోగి రెండూ వేసుకుంటాడు. కాళ్ళు వాస్తాయి, లేవగానే కళ్ళు తిరుగుతాయి, దానికి మళ్ళీ ఒక మాత్ర వస్తుంది. రెండు రాష్ట్రాల చీటీలను ఒక్కచోట పెట్టి చూసే కన్ను ఎక్కడా లేదు. అందుకే 'అన్ని మందులూ ఒకే జాబితాలో' అన్న ఒక్క పనిని బాగా చేయండి. మిగిలినవి తర్వాత.

ఇందుకు కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు, మిల్లీగ్రాములు యాప్‌కు తెలియాలి. 2023 ఆగస్టు 1 నుంచి దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల ప్యాకింగ్ మీద క్యూఆర్ కోడ్ గానీ బార్‌కోడ్ గానీ తప్పనిసరి చేశారు. అందులో అసలు మందు పేరు, బ్యాచ్, గడువు తేదీ ఉంటాయి. అది ఉన్నచోట కెమెరాతో చదివించండి. లేనిచోట అట్ట ఫొటో తీయించి, పేరు సరైనదేనా అని మనిషి చేత ఒప్పించండి. కెమెరా చదివిన దాన్ని ఎవరూ చూడకుండా నేరుగా జాబితాలో చేర్చవద్దు. 5ను 50గా చదివితే జరిగే కీడు మీరు సరిదిద్దలేనిది.

రెండు పేర్లు ఒకే మందని తేలినప్పుడు తెర ఏమనాలి? 'ఒకటి మానేయండి' అనకూడదు. 'ఈ రెండూ ఒకే మందులా ఉన్నాయి. తర్వాతి మాత్ర వేసుకునే లోపే మీ డాక్టరుకో ఫార్మసిస్టుకో ఈ తెర చూపించండి' అనాలి. ఇలాంటి ప్రతి వాక్యాన్నీ ఒక డాక్టరు చదివి సంతకం పెట్టాకే యాప్‌లోకి రానివ్వండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం కృత్రిమ మేధ మీద నడిచే వేదికలు రోగికి సలహా ఇవ్వకూడదు, మందు రాయకూడదు. జబ్బు ఫలానా అని తేల్చే సాఫ్ట్‌వేర్ వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తుంది. ఆ గుమ్మం దాటాలనుకుంటే అనుమతులతో దాటండి, పొరపాటున కాదు.

వినే భాష వేరు, చదివే భాష వేరు

రాయగడలో, బరంపురంలో తెలుగు ఇళ్ళు ఎన్నో. తాతగారు తెలుగు పత్రిక చదువుతారు. మనవడు ఇంట్లో చక్కటి తెలుగు మాట్లాడతాడు, కానీ చదివింది ఒడియా మాధ్యమంలోనో ఇంగ్లీషులోనో కాబట్టి తెలుగు అక్షరం రాదు. మన యాప్‌లన్నీ మొదటి తెర మీద 'భాషను ఎంచుకోండి' అని ఒక్కసారే అడిగి ఊరుకుంటాయి. ఇక్కడ రెండుసార్లు అడగాలి: ఏ భాషలో వింటారు, ఏ భాషలో చదువుతారు. తెలుగులో విని ఒడియాలో చదివే మనిషి ఈ జిల్లాల్లో అపురూపం కాదు.

గొంతు రికార్డు చేయించేటప్పుడు టీవీ వార్తల ఉచ్చారణ వెతక్కండి. పలాస, పర్లాకిమిడి ప్రాంతపు నడివయసు ఆడమనిషి గొంతు చాలు, నెమ్మదిగా, వాక్యానికి వాక్యానికి ఆగుతూ. కుయి, సవర అనే గిరిజన భాషలు మాట్లాడే వాళ్ళకు వినే భాష ఒక్కటే దిక్కు అనుకుని, ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్ళ చేతే చెప్పించండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచారం తీసుకునే ముందు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలంటుంది. తెలుగు, ఒడియా అందులో ఉన్నాయి, కుయి, సవర లేవు. చట్టం అడగలేదని ఆ గొంతులను వదిలేయకండి. పద్దెనిమిదేళ్ళ లోపు వారి విషయంలో తల్లిదండ్రుల అంగీకారం ఉండాలన్నదీ అదే చట్టం.

లక్షణాలు అడిగే తెర ఉంటే, వైద్య పుస్తకం మాటలు పెట్టకండి. 'వేడి చేసింది', 'గుండెల్లో దడగా ఉంది', 'తిన్నది వంటబట్టడం లేదు' అని జనం చెప్పేవి ఇళ్ళలో విన్నప్పుడే రాసుకుని, వాటిలో ఏది ఏ లక్షణానికి దగ్గరో డాక్టరుతో కూర్చుని తేల్చుకోండి.

అక్షరాల సంగతి కొంచెం. తెలుగు వత్తులు వరుస కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషు కొలతతో వరుసల ఎడం పెడితే చవక ఫోన్లలో వత్తు తెగిపోతుంది. 'స్త్రీల వైద్య నిపుణులు' అన్న మాటను మీ అన్ని బటన్ల మీదా పెట్టి చూడండి, ఎక్కడ విరుగుతుందో తెలిసిపోతుంది. ఎస్ఎంఎస్ పంపాలంటే ఇంకో లెక్క ఉంది. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడతాయి, తెలుగు, ఒడియా లిపుల్లో 70 మాత్రమే. గుడి, వత్తు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. అంటే రెండు చిన్న వాక్యాలు. వీలైతే ఎస్ఎంఎస్ బదులు రికార్డు చేసిన గొంతుతో ఫోన్ చేయించండి.

మాత్ర తెర

యాప్ మొత్తంలో ఎక్కువ రోజులు దీని మీదే ఖర్చు పెట్టండి. తెర మీద ఒక్క వేళకు సంబంధించిన మందులే ఉండాలి. మధ్యాహ్నం తెరిస్తే మధ్యాహ్నం మాత్రలే. ఒక్కోదానికి అట్ట ఫొటో, ఎన్ని వేసుకోవాలో బొమ్మ, అన్నం ముందా తర్వాతా అన్నది. సగం మాత్ర అయితే సగం విరిగిన మాత్ర బొమ్మే వేయండి, ½ అన్న అంకె చాలామందికి కనబడదు. డాక్టర్లు రాసే 1-0-1ని 'పొద్దున ఒకటి, రాత్రి ఒకటి' అని యాప్ విప్పి చెప్పాలి. ఉదయం 8 గంటలు అని గడియారం చూపడం కంటే 'టిఫిన్ తిన్నాక' అనడం నయం. పొలం పనికి వెళ్ళే ఇంట్లో ఎనిమిదింటికి ఎవరూ ఉండరు.

ఫొటో విషయంలో ఒక జాగ్రత్త. జనం మాత్రను రంగుతో గుర్తుపెట్టుకుంటారు. షాపులో కంపెనీ మారితే రంగూ మారుతుంది. కాబట్టి కొత్త అట్ట కొన్నప్పుడల్లా 'ఇదే అట్టా?' అని యాప్ పాత ఫొటో చూపించి అడగాలి. కాదంటే కొత్త ఫొటో తీయించాలి.

కింద రెండే బటన్లు: 'వేసుకున్నాను', 'ఇంకా లేదు'. ఆండ్రాయిడ్ సూచించే 48 డీపీ (తెర మీది కొలతకు వాడే ప్రమాణం) బటన్‌కు కనీస కొలత. పొలం పని చేసిన వేళ్ళకు ఇంకా పెద్దవి పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే తేడా చెప్పవద్దు, గుర్తు కూడా పెట్టండి. మాత్ర మరిచిపోతే యాప్ గద్దించకూడదు, 'రెండూ కలిపి వేసుకోండి' అని ఎట్టి పరిస్థితుల్లో అనకూడదు.

ఇక ఉపవాసాలు. ఇక్కడ ఒకే వీధిలో రెండు పంచాంగాలు నడుస్తాయి. ఒడియా వారికి నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. అందుకే వాళ్ళ కార్తికం మన కార్తికం కంటే సుమారు పక్షం రోజుల ముందే మొదలవుతుంది. ఆ నెలంతా ఒంటిపూట హవిష్యాన్నం (వ్రతంలో తినే సాత్విక భోజనం) తినే పెద్దవాళ్ళు ఉన్నారు, మన కార్తిక సోమవారాల ఉపవాసాలు సరేసరి. అన్నం తర్వాత వేసుకోవాల్సిన షుగరు మాత్ర ఖాళీ కడుపున పడితే ప్రమాదం. ఏ పంచాంగమో యాప్ ఊహించనక్కరలేదు. మాత్ర తెర మీద 'ఈ రోజు ఉపవాసం' అన్న చిన్న బటన్ పెట్టి, నొక్కితే 'ఉపవాసం రోజుల్లో ఈ మాత్ర సంగతి డాక్టరును అడిగారా?' అన్న ప్రశ్నా, ఫోన్ చేసే గుర్తూ చూపిస్తే సరిపోతుంది. పండగ నెలకు ముందే ఈ ప్రశ్న అడగడం ఇంకా మేలు.

సిగ్నల్ లేని చోట

మందుల జాబితా తెరవడానికి నెట్ అడగకూడదు. ఈ ఒక్క నియమం గోడ మీద రాసి పెట్టుకోండి. ఊళ్ళో సిగ్నల్ తగిలినప్పుడు వివరాలు వాటంతట అవే పైకి వెళ్ళాలి. ఫొటోలు కుదించి దాచండి, ఫోన్లన్నీ వాట్సాప్ బొమ్మలతో నిండి ఉంటాయి. బటన్ ఫోను వాళ్ళకు మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి మోగి జాబితా చదివి వినిపించే ఏర్పాటు చేయండి. జాబితాను ఒకే కాగితం మీద ప్రింటు తీసుకునే వీలు కూడా ఉండాలి. విశాఖ ఓపీలో డాక్టరు మీ ఫోను అందుకోడు, కాగితం అందుకుంటాడు. ఆ కాగితం ఇంగ్లీషులోనే ఉండనివ్వండి.

అత్యవసర బటన్ పెడితే మీరే స్వయంగా వెళ్ళి సరిహద్దు ఊళ్ళలో నిలబడి చూడాలి. ఫోను పక్క రాష్ట్రపు టవరును పట్టుకుంటే 108 కాల్ ఆ రాష్ట్రపు కేంద్రానికి చేరే అవకాశం ఉంది. ఎత్తగానే ఊరి పేరుతో పాటు జిల్లా, రాష్ట్రం చెప్పాలని ఆ తెర మీద పెద్ద అక్షరాల్లో ఉంచండి.

కార్డులు

ఆభా సంఖ్య లేనిదే యాప్ తెరుచుకోదు అనకండి, ఉంటే కలుపుకోండి. ఒడిశాలో 2025 నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. ఏ కార్డు ఏ ఆసుపత్రిలో ఏ జబ్బుకు చెల్లుతుందో మీ యాప్ హామీ ఇవ్వకూడదు. 'వెళ్ళే ముందు ఈ ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి' అన్నంత వరకే. చార్జీలు పెట్టుకుని విశాఖ దాకా వెళ్ళి, కౌంటరు దగ్గర కార్డు చెల్లదని విన్న మనిషి మీ యాప్‌ను మళ్ళీ తెరవడు. టెలిమెడిసిన్ విషయంలో మాత్రం సరిహద్దు అడ్డు కాదు. రిజిస్టరైన డాక్టరు దేశంలో ఎక్కడి రోగినైనా చూడవచ్చని 2020 మార్గదర్శకాలే చెబుతున్నాయి.

పరీక్షించడం

కోడ్ రాయకముందే తెరలను కాగితం మీద గీసి చూపించండి. గీసిన బొమ్మను తప్పుపట్టడానికి జనం మొహమాటపడరు, మెరిసే ఫోను చూపిస్తే 'బాగుంది బాబూ' అంటారు. ఆ 'బాగుంది'ని లెక్కలోకి తీసుకోవద్దు. పని చెప్పండి: 'అమ్మా, ఈ రోజు రాత్రి ఏ మాత్రలు వేసుకోవాలో ఈ ఫోనులో చూసి, ఆ సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టండి.' తర్వాత నోరు మూసుకుని కూర్చోండి. వేలు ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి వెళ్ళింది, పక్కనున్న మనవరాలు ఎప్పుడు ఫోను లాక్కుంది అన్నవి రాసుకోండి. లాక్కున్న క్షణంలోనే మీ తెరలో లోపం దొరుకుతుంది. చేతిలో పెట్టిన మాత్ర సరైనదా కాదా అన్నదే ఫలితం.

ఐదుగురితో పరీక్షిస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట ఈ రంగంలో బాగా వాడుకలో ఉంది. అది ఒకే తరహా వాడుకరుల మాట. ఇక్కడ తెలుగు చదివే పెద్దలు, ఒడియా చదివే యువత, అక్షరం రాని వారు, ఆశా దీదీలు నాలుగు వేరు గుంపులు. గుంపుకు ఐదుగురు చొప్పున చూడండి, దిద్దండి, మళ్ళీ వెళ్ళండి. ఆశా దీదీల దగ్గరికి వెళ్ళినప్పుడు వాళ్ళ పని గంటకు విలువ కట్టి డబ్బు ఇవ్వండి. ఇప్పటికే పుస్తకాలూ యాపులూ నింపి అలిసిన వాళ్ళకు మరో ఫారం తగిలించడం సేవ అనిపించుకోదు.

వదిలాక

మొదట ఒక బ్లాకులోనే వదలండి. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన మనిషి ఎత్తే ఫోన్ నంబరు ప్రతి తెర మీదా ఉండాలి. వచ్చిన ఫిర్యాదుల్లో 'తప్పు మందు చూపించింది', 'మోతాదు తేడాగా ఉంది' అన్నవి వస్తే ఆ రోజు మిగతా పనులన్నీ ఆపి వాటినే చూడండి. అవసరమైతే ఆ భాగాన్ని మూసేసి, వాడుతున్న ప్రతి ఇంటికీ ఫోన్ చేసి చెప్పండి. ఆ ఫోన్లు చేయడానికి మనుషులు, డబ్బు ఎక్కడి నుంచి వస్తాయో యాప్ వదలకముందే తేల్చుకోండి. తేలకపోతే అది తేలేదాకా వదలడం వాయిదా వేయండి.